కొన్న కాయ ఇంట్లో మాగాలంటే: ఎంచుకోవడం నుంచి కోసి తినేదాకా

ఒకసారి నాలుగు బేరికాయలు తెచ్చి వంటింటి గట్టు మీద పెట్టాను. మొదటి రోజు రాళ్లలా ఉన్నాయి. మూడో రోజూ అంతే. రోజుకు రెండుసార్లు పొట్ట మీద నొక్కి చూడటం, ఇంకా కాలేదనుకుని వదిలేయడం. ఏడో రోజు పొట్ట కాస్త మెత్తబడినట్టు అనిపిస్తే సంబరంగా కోశాను. గింజల చుట్టూ గోధుమరంగు ముద్ద, నీరు కారే గుజ్జు, పులిసిన వాసన. పైకి మాత్రం నిన్నటి కాయలాగే ఉంది. మిగిలిన మూడూ అంతే. బేరి లోపలి నుంచి బయటికి మాగుతుందనీ, పొట్ట మెత్తబడేసరికి లోపల పాడైపోయి ఉంటుందనీ, నొక్కాల్సిన చోటు తొడిమ పక్కన మెడ దగ్గరనీ నాకు తర్వాత తెలిసింది.

వారం రోజులు ఎదురుచూసి, చివరికి చెత్తబుట్టలో వేయాల్సి రావడం నిజంగా బాధగా ఉంటుంది. గట్టిగా ఉన్నప్పుడు తినలేం, మెత్తబడ్డాక తినడానికి ఏమీ మిగలదు. మధ్యలో ఉండాల్సిన ఆ ఒకటి రెండు మంచి రోజులు ఎప్పుడు వచ్చి ఎప్పుడు పోయాయో తెలియదు. ఆ రోజులను పట్టుకోవడం ఎలాగో ఇక్కడ వివరంగా రాస్తున్నాను.

ముదరడం వేరు, మాగడం వేరు

మన భాషలో ఒకే వస్తువుకు రెండు పేర్లున్నాయి: కాయ, పండు. ఆ రెంటి మధ్య దశలకూ పేర్లున్నాయి: లేత, ముదురు, దోర, మాగినది, మురిగినది. కొన్న పండ్ల విషయంలో పడే చికాకంతా లేత, ముదురు అనే మాటల దగ్గరే ఉంది.

ముదరడం చెట్టు పని. కాయ చెట్టును అంటిపెట్టుకుని ఉన్నంతకాలం చక్కెరను, పిండిపదార్థాన్ని, కొన్నిటిలో నూనెను లోపల దాచుకుంటుంది. మాగడం ఆ తర్వాత జరిగేది. దాచుకున్న పిండి చక్కెరగా మారుతుంది. కణాల గోడలను పట్టి ఉంచిన పెక్టిన్ కరిగి గుజ్జు మెత్తబడుతుంది. పులుపు, వగరు తగ్గుతాయి. పచ్చదనం విరిగి లోపలి పసుపో ఎరుపో బయటపడుతుంది. వాసన పుడుతుంది. వీటిని ఇంట్లో జరిపించగలం. లేతగా కోసిన కాయలో మాత్రం మారడానికి సరుకే ఉండదు. దాన్ని ఏ సంచిలో పెట్టినా, ఎన్ని రోజులుంచినా తోలు ముడతలు పడి, గుజ్జు రబ్బరులా సాగుతుందే తప్ప మాగదు. అలాంటి కాయ పాడైతే తప్పు మీది కాదు. దూరం వెళ్లాలనో, ముందుగా అమ్మాలనో తొందరపడి కోసిన కాయ అది.

ఇంకొకటి గుర్తుపెట్టుకోండి. మెత్తబడటం, రంగు తిరగడం, తియ్యబడటం అనేవి మూడు వేర్వేరు పనులు. చాలాసార్లు కలిసి జరుగుతాయి కాబట్టి ఒకటే అనుకుంటాం. ఒకటి జరిగి మిగతావి జరగకపోతే మోసపోతాం.

మొదటి పని: అది కోశాక మాగే రకమేనా?

అరటి, మామిడి, బొప్పాయి, సపోటా, సీతాఫలం, జామ, పనస, అవకాడో, బేరి, కివీ, పీచ్, ప్లమ్, ఆప్రికాట్, పెర్సిమన్, టమాటా. ఇవి చెట్టు నుంచి విడిపోయాక కూడా మాగుతాయి. ఆపిల్ కూడా ఈ గుంపులోదే.

ద్రాక్ష, నారింజ, బత్తాయి, నిమ్మ, దానిమ్మ, స్ట్రాబెర్రీ, చెర్రీ, లిచీ, అనాస, పుచ్చకాయ మాత్రం కోసిన రోజు ఎంత తీపి ఉంటాయో చివరిదాకా అంతే. పుల్లటి ద్రాక్షగుత్తిని వారం ఉంచితే పుల్లటి ఎండు ద్రాక్ష అవుతుంది. అనాస తోలు గట్టు మీద పసుపు తిరుగుతుంది, కాస్త మెత్తబడుతుంది, పులుపు కొంచెం తగ్గినట్టూ అనిపించవచ్చు. అయినా దానిలో చక్కెరగా మారే పిండి నిల్వ లేదు, కాబట్టి తీపి పెరగదు. ఇలాంటివాటిని మాగబెట్టడానికి ప్రయత్నించకండి. కొనేటప్పుడే వాసన చూసి, బరువు చూసి బాగున్నవే తీసుకోండి.

నిమ్మజాతి పండ్ల దగ్గర రంగు ఎంత మాయ చేస్తుందో చెప్పే పాత సంగతి ఒకటుంది. అమెరికాలో ఒకప్పుడు పచ్చి నిమ్మకాయలను కిరోసిన్ పొయ్యిలు వెలిగించిన గదుల్లో ఉంచి పసుపు తిప్పేవారు. పని చేస్తున్నది పొయ్యి వేడి అనుకున్నారు. నిజానికి పని చేసింది ఆ పొగలోని ఎథిలీన్ అనే వాయువు. 1924లో ఫ్రాంక్ డెనీ అనే శాస్త్రవేత్త ఆ సంగతి తేల్చాడు. నిమ్మకాయ తోలు పసుపు తిరిగినా రసం అదే పులుపు. నారింజకైనా అంతే: తోలు రంగు మారినంత మాత్రాన లోపల తియ్యబడదు. ఆకుపచ్చ మచ్చలున్న నారింజ తియ్యగా ఉండవచ్చు, నిండు నారింజ రంగుది పుల్లగా ఉండవచ్చు.

ఈ రెండు గుంపుల మధ్య ఇంకో రకం ఉంది. చాలామంది నిరాశపడేది ఇక్కడే. పీచ్, ఖర్బూజా, బొప్పాయి ఇంట్లో మెత్తబడతాయి, మంచి వాసన వస్తాయి, పులుపు ఉంటే తగ్గుతుంది. కానీ వీటిలో చెప్పుకోదగ్గ పిండి నిల్వ ఉండదు కాబట్టి చక్కెర పెద్దగా పెరగదు. చప్పటి ఖర్బూజా మెత్తటి చప్పటి ఖర్బూజా అవుతుంది. అరటి దీనికి పూర్తి విరుద్ధం: పచ్చికాయ గుజ్జులో దాదాపు 20 శాతం ఉండే పిండి, పూర్తిగా మాగేసరికి 1–2 శాతానికి పడిపోతుంది. మిగతాదంతా దాదాపు చక్కెరే. అందుకే ఇంట్లో మాగబెట్టడం నేర్చుకోవడానికి అరటిని మించినది లేదు.

రెండో పని: ముదురు కాయను ఏరుకోవడం

సగం పని కొనేచోటే అయిపోతుంది. అన్నిటికీ వర్తించే ఒకే గుర్తు లేదు, కాయ కాయకీ వేరు.

మామిడికి రంగు చూడకండి. ఎర్రటి బుగ్గ ఎండ తగిలిందని చెబుతుంది, ముదిరిందని కాదు. ముచ్చిక దగ్గర చూడండి. భుజాలు ఉబ్బి పైకి లేచి, ముచ్చిక చిన్న గుంటలో కూర్చున్నట్టుంటే ముదిరింది. భుజాలు జారిపోయి, కాయ పలకగా, బుగ్గలు పీక్కుపోయినట్టుంటే లేతది. ఇంటికొచ్చాక ఇంకో పరీక్ష ఉంది: నీళ్లలో వేస్తే ముదిరిన కాయ సాధారణంగా మునుగుతుంది, లేతది తేలుతుంది. పరీక్ష అయ్యాక తడి పూర్తిగా తుడిచేయాలి.

అరటికాయకు అంచులు చూడండి. లేత కాయకు పలకలు పదునుగా తేలి ఉంటాయి. ముదిరే కొద్దీ గుండ్రబడతాయి.

బొప్పాయి మీద, ముఖ్యంగా అడుగుభాగంలో, కనీసం ఒక పసుపు చార ఉండాలి. ఎక్కడా పసుపు లేని ముదురాకుపచ్చ కాయ ఇంట్లో సరిగా మాగదు. అది కూరకు పనికొస్తుంది.

సపోటాను గోటితో చిన్నగా గీరండి. కింద పచ్చగా కనబడి పాలు కారితే లేతది. పసుపో లేత గోధుమరంగో కనబడితే ముదిరింది. సీతాఫలానికి కళ్లు ఒకదానికొకటి దూరం జరిగి, మధ్య గీతలు లేత పసుపులోకి తిరిగి ఉండాలి.

పీచ్‌లో ఎరుపు కాదు, ఎరుపు వెనకున్న అసలు రంగు ముఖ్యం. తొడిమ గుంట చుట్టూ పసుపో మీగడ రంగో ఉంటే తీసుకోవచ్చు. అక్కడ ఆకుపచ్చ ఉంటే వద్దు. అవకాడో గట్టిగా ఉండి కూడా తొడిమ వైపు ముడతలు పడి ఉంటే అది లేతగా కోసినది, వదిలేయండి. తొడిమ బొడిపెను గోటితో ఊడదీసి కింద రంగు చూసే అలవాటు కొందరికి ఉంది. దయచేసి ఆ పని చేయకండి. ఆ రంధ్రం నుంచే గాలీ బూజూ లోపలికి పోతాయి. మీరు కొనకుండా పెట్టేసిన కాయను ఇంకొకరు కొని ఇంటికి తీసుకెళ్తారు.

కమిలిన కాయ, గాటు పడిన కాయ వద్దు. దెబ్బ తగిలిన చోట, మాగడాన్ని తొందరపెట్టే ఆ ఎథిలీన్ వాయువే ఎక్కువ పుడుతుంది, బూజూ అక్కడే మొదలవుతుంది. మాగడం అయ్యేలోపు ఆ మూల కుళ్లుతుంది.

మూడో పని: సరైన వెచ్చదనం ఉన్న చోటు

మాగడానికి బాగా నప్పేది సుమారు 18 నుంచి 24 డిగ్రీల సెల్సియస్ మధ్య వెచ్చదనం. దీనికి రెండు వైపులా ప్రమాదాలున్నాయి. ఇంట్లో పోయే పండ్లలో ఎక్కువ భాగం ఇక్కడే పోతాయని నా నమ్మకం.

ఒకవైపు ఫ్రిజ్. గట్టి కాయను ఫ్రిజ్‌లో పెడితే మాగడం నెమ్మదిస్తుంది, బయటికి తీశాక మళ్లీ మొదలవుతుందని అనుకుంటాం. కొన్ని కాయల్లో ఆ యంత్రాంగమే దెబ్బతింటుంది. పచ్చి అరటి 13 డిగ్రీల కన్నా చల్లబడితే తోలు బూడిదరంగుకు తిరిగి, తర్వాత ఎంత వెచ్చగా ఉంచినా సరిగా మాగదు. మామిడికి కూడా ఇంచుమించు 10–13 డిగ్రీల కింద ఇదే గతి: తోలు మచ్చలు పడుతుంది, గుజ్జు చప్పగా మిగులుతుంది. టమాటాను 12 డిగ్రీల కింద ఉంచితే వాసన పుట్టించే ప్రక్రియలు మందగిస్తాయి. ఎర్రగా కనిపిస్తుంది, నోట్లో మాత్రం నీళ్లు.

పీచ్ కథ మరీ విచిత్రం. దానికి 0 డిగ్రీల దగ్గరి చలి పరవాలేదు, గది వెచ్చదనం పరవాలేదు. సుమారు 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంటేనే గుజ్జు రసం కోల్పోయి, నాలుకకు ఉన్ని తగిలినట్టు పొడిపొడిగా తయారవుతుంది. ఇంట్లో ఫ్రిజ్ ఉండేది సరిగ్గా ఆ మధ్యలోనే. కోసి చూసేదాకా బయటికి ఏమీ తెలియదు. రవాణాలో అప్పటికే ఆ చలిలో కొన్ని రోజులున్న పీచ్‌ను మీరు ఎంత శ్రద్ధగా మాగబెట్టినా పొడిగానే ఉంటుంది. ఇది కూడా మీ తప్పు కాదు.

రెండో వైపు ఎండ, పొయ్యి పక్క, కిటికీ గట్టు. వెచ్చగా ఉంటే తొందరగా మాగుతుందన్నది కొంతవరకే నిజం. వేడి ఎక్కువైతే మూడు పనుల జత తప్పుతుంది. అరటి 24–25 డిగ్రీలు దాటిన చోట మాగితే గుజ్జు మెత్తబడి తియ్యబడుతుంది, తోలు మాత్రం పచ్చగానే ఉండిపోతుంది. పచ్చిదే అనుకుని వదిలేస్తే లోపల మురిగిపోతుంది. టమాటాలో 30 డిగ్రీలు దాటితే ఎరుపునిచ్చే లైకోపీన్ సరిగా తయారవదు, నారింజ రంగు దగ్గర ఆగిపోతుంది. ఎండ పడిన వైపు ఉడికినట్టయి, నీడ వైపు గట్టిగా ఉండటం అవకాడోలో తరచూ చూస్తాం. మాగడానికి వెలుతురు అక్కర్లేదు. నీడపట్టున, గాలి ఆడే చోట, పొయ్యికి దూరంగా ఒక మూల చూసుకోండి.

కాయలను కడగకుండా, తుడిచి, ఒకే వరసలో, ఒకదానికొకటి బరువు కాకుండా పరచండి. టమాటాను తొడిమ ఊడిన చోటు కిందికి ఉండేలా పెడితే అక్కడి నుంచి తేమ తక్కువ పోతుంది. కడగడం తినే ముందు. ముందే కడిగితే మిగిలిన తడిలో బూజు పడుతుంది.

నాలుగో పని: కాగితం సంచి

పండు మాగడం మొదలుపెట్టగానే తనలోంచే ఎథిలీన్ వదులుతుంది. ఆ వాయువు అదే పండును ఇంకా తొందరపెడుతుంది, పక్కనున్న కాయనూ లేపుతుంది. మాగిన ఆపిళ్లు ఈ వాయువును వదులుతాయని 1934లో ఇంగ్లండులో రిచర్డ్ గేన్ అనే శాస్త్రవేత్త నిరూపించాడు. సంచి చేసే పనంతా ఆ వాయువును కాయల చుట్టూ పట్టి ఉంచడమే.

చేయాల్సింది ఇలా:

1. శుభ్రమైన, పొడి కాగితం సంచి తీసుకోండి. అడుగున మడిచిన కాగితం ఒక పొర వేయండి.
2. గట్టి కాయలను ఒకే పొరగా పెట్టండి. సంచి సగానికి మించి నిండకూడదు.
3. తోడుగా బాగా మాగిన అరటిపండో, మంచి వాసన వస్తున్న ఆపిలో ఒకటి వేయండి.
4. మూతిని రెండు మడతలు మడవండి. పిన్ను, టేపు వద్దు.
5. రోజుకొకసారి తెరిచి చూడండి. తడి కనబడితే అడుగు కాగితం మార్చండి, మెత్తబడినదాన్ని బయటికి తీయండి.

ప్లాస్టిక్ సంచి ఎందుకు వద్దంటారు? కాయ ఊపిరి తీసుకుంటూనే ఉంటుంది. ప్రాణవాయువు పీల్చి కార్బన్ డయాక్సైడునూ తేమనూ వదులుతుంది. ప్లాస్టిక్‌లో అదంతా లోపలే పేరుకుంటుంది. కార్బన్ డయాక్సైడు ఎక్కువైతే ఎథిలీన్ పని మందగిస్తుంది. ప్రాణవాయువు అయిపోతే కాయ పులిసి సారా వాసన వస్తుంది. తేమకు బూజు పడుతుంది. కాగితం ఎథిలీన్‌ను కొంత నిలుపుతూనే గాలిని, తేమను మెల్లగా పోనిస్తుంది. కాయలను ధాన్యంలోనో ఎండుగడ్డిలోనో పూడ్చినా పని చేసేది ఇదే సూత్రం. అక్కడ రోజూ తీసి చూడటం కష్టం, అడుగున ఒకటి మురిగితే తెలియదు. అందుకే నేను సంచికే ఓటు వేస్తాను.

ఆపిల్ పెట్టినా ఏమీ జరగలేదని చాలామంది అంటారు. దానికి కారణం ఉంది. నెలల తరబడి నిల్వ ఉంచే ఆపిళ్ల మీద 1-మిథైల్‌సైక్లోప్రొపీన్ అనే వాయువు ప్రయోగిస్తారు. నార్త్ కరోలినా స్టేట్ యూనివర్సిటీలో ఎడ్వర్డ్ సిస్లర్, సిల్వియా బ్లాంకెన్‌షిప్ దాన్ని కనిపెట్టారు. అది పండులో ఎథిలీన్ పట్టుకునే చోట్లను మూసేస్తుంది. ఆపిల్ కరకరలాడుతూ ఉంటుంది, ఎథిలీన్ చాలా తక్కువ వదులుతుంది. అలాంటి ఆపిల్‌ను సంచిలో వేయడం, రాయిని వేయడం ఇంచుమించు ఒకటే. ముక్కు దగ్గర పెట్టుకుంటే ఆపిల్ వాసన నిండుగా రావాలి, తోలు కాస్త జిడ్డుగా అనిపించాలి. లేకపోతే చుక్కలు పడిన అరటిపండే నమ్మకం.

సంచి ఉన్న చోటికి క్యారెట్లు, ఆకుకూరలు, దోసకాయలు రానివ్వకండి. ఎథిలీన్ తగిలితే క్యారెట్ చేదెక్కుతుంది, ఆకు పసుపు తిరుగుతుంది.

ఏ కాయకు ఏం చేయాలి

బేరి మీద నాకు పంతం ఉంది కాబట్టి దాంతోనే మొదలుపెడతాను. బేరిని చెట్టు మీదే మాగనిస్తే చాలా రకాలు లోపల ముద్దగా పాడవుతాయి. అందుకే ముదరగానే కోస్తారు. అంతేకాదు, మాగడానికి ముందు దానికి చలి కావాలి. యాంజూ రకానికి 0 డిగ్రీల దగ్గర సుమారు రెండు నెలలు, బార్ట్‌లెట్‌కు అంతకంటే చాలా తక్కువ. ఆ చలి సరిపోని కాయ గట్టు మీద ఎన్నాళ్లున్నా మొండికేస్తుంది. మీ బేరి వారమైనా కదలకపోతే ఫ్రిజ్‌లో ఒకటి రెండు వారాలుంచి, మళ్లీ బయటపెట్టి, సంచిలో అరటిపండు తోడు వేసి చూడండి. బార్ట్‌లెట్ మాగితే పసుపు తిరుగుతుంది, యాంజూ మాగినా పచ్చగానే ఉంటుంది. ఇక్కడ కళ్లకు పని లేదు, బొటనవేలికే పని. మూడో రోజు ఉదయం సంచి మూతి విప్పితే ముందు వాసన తగలాలి. చెమ్మగిల్లిన కాగితం వాసనలో కలిసిన సన్నటి తీపి. కాయను అరచేతిలో పట్టుకుని, తొడిమ పక్కన మెడ మీద బొటనవేలితో మెల్లగా నొక్కండి. చర్మం కింద ఒక్క పొర లొంగినట్టు ఉండాలి, వేలు దిగిపోకూడదు. పొట్ట ఇంకా గట్టిగానే ఉంటుంది, అలాగే ఉండాలి. తినాల్సింది ఆ రోజే.

అవకాడోది ఇంకో తీరు. చెట్టుకు ఉన్నంతకాలం అది మెత్తబడనే మెత్తబడదు. కోస్తేనే మాగడం మొదలవుతుంది. గదిలో 4–7 రోజులు, సంచిలో 2–4 రోజులు పడుతుంది. హాస్ రకం నల్లబడుతుంది. తోలు నున్నగా, పచ్చగా ఉండే రకాలు మాగినా పచ్చగానే ఉంటాయి. కాబట్టి కాయ మొత్తాన్ని అరచేతితో పట్టుకుని నెమ్మదిగా ఒత్తి చూడండి. వేలి కొనతో పొడిస్తే ఆ చోటే నల్లబడుతుంది. తొందరపడి కోసేస్తే, రెండు చెక్కలను నిమ్మరసం రాసి మళ్లీ దగ్గరకు కలిపి, గట్టిగా చుట్టి ఉంచితే కొంత మెత్తబడవచ్చు, రుచి మాత్రం పూర్తిగా రాదు.

మామిడికి సంచి మంచిది, 20–23 డిగ్రీలు బాగా నప్పుతాయి. తొడిమ దగ్గర వాసన మొదలై, బుగ్గ నొక్కితే కాస్త లొంగితే సిద్ధం. తోలు ముడతలు పడేదాకా ఆగక్కర్లేదు.

కివీని గట్టిగా ఉండగా ఫ్రిజ్‌లో వారాల తరబడి దాచవచ్చు, దానికి చలి హాని చేయదు. పైగా దీనిలో పిండి ఉంది: కరిగే చక్కెర 6–7 శాతం ఉన్నప్పుడు కోసినా, తినేనాటికి 12–14 శాతానికి చేరగలదు. అందుకే పుల్లటి కివీ ఇంట్లో నిజంగానే తియ్యబడుతుంది. ఎథిలీన్‌కు ఇది చాలా త్వరగా స్పందిస్తుంది. కావలసిన రెండు మూడు కాయలను మాత్రమే తీసి సంచిలో వేసుకుంటే సరి.

పీచ్, ప్లమ్: కొన్న వెంటనే ఫ్రిజ్‌లోకి పోకూడదు. ముందు గదిలో మాగి, భుజం దగ్గర లొంగాకే ఫ్రిజ్. మాగిన పీచ్ ఫ్రిజ్‌లో రెండు మూడు రోజులు బాగానే ఉంటుంది.

పెర్సిమన్‌లో రెండు రకాలున్నాయి. ఫుయూ వంటివి గట్టిగా ఉండగానే తినవచ్చు. హచియా వంటివి జెల్లీలా మెత్తబడేదాకా నోరు పిడచకట్టేంత వగరుగా ఉంటాయి. నీళ్లలో కరిగే ట్యానిన్లు కరగని రూపంలోకి మారాకే ఆ వగరు పోతుంది. తొందరైతే రాత్రంతా గడ్డకట్టించి కరిగించండి, వగరు చాలావరకు తగ్గుతుంది. గడ్డకట్టించడం పనికొచ్చే కాయ నాకు తెలిసి ఇదొక్కటే.

అరటికి సంచి అవసరం చాలా అరుదు. హస్తాన్ని విడదీయకుండా వేలాడదీస్తే కమలదు. సపోటా, సీతాఫలం గదిలోనే కొద్ది రోజుల్లో మాగుతాయి, ఫ్రిజ్‌కు దూరంగా ఉంచితే చాలు. బొప్పాయిని పసుపు చార వైపు పైకి ఉండేలా కాగితం మీద పెట్టి, మూడు వంతులు పసుపు తిరిగాక కోయండి.

అడ్డదారుల సంగతి

మైక్రోవేవ్‌లో పెట్టడం, ఓవెన్‌లో రేకు చుట్టి వేడి చేయడం గురించి అడుగుతుంటారు. వేడికి గుజ్జు మెత్తబడుతుంది, అంతే. పిండి చక్కెర కావడానికి, వాసన పుట్టడానికి పని చేసే ఎంజైములు ఆ వేడికి చచ్చిపోతాయి. ఓవెన్‌లో మెత్తబడిన అవకాడో వెచ్చటి, చేదు తగిలే పచ్చికాయ. నల్లబడ్డ అరటితో రొట్టె చేయాలని ఓవెన్‌లో నల్లబరచినా అంతే, తోలు మాడుతుందే గాని చక్కెర పెరగదు.

కాల్షియం కార్బైడ్ మాట వేరు. అది ప్రమాదం. తేమ తగిలితే అసిటిలీన్ వాయువు వస్తుంది. ఎథిలీన్ పనినే అది చాలా బలహీనంగా చేస్తుంది. పరిశ్రమల్లో వాడే కార్బైడ్‌లో ఆర్సెనిక్, ఫాస్ఫరస్ మలినాలుంటాయి. ఆ వాయువు మండుతుంది, పేలుతుంది కూడా. ఇంట్లోకి అది రాకూడదు, ఎవరు ఎంత సులువని చెప్పినా. మాగబెట్టే గదుల్లో వాడే ఎథిలీన్ వేరు: వెచ్చదనమూ గాలీ అదుపులో ఉంచి, అరటికి సాధారణంగా 10 లక్షల భాగాల గాలిలో 100–150 భాగాల మోతాదులో, ఒక రోజు పాటు ఇస్తారు. పండు తనంతట తాను వదిలే వాయువు కూడా అదే.

మాగాక, లేదా మాగకపోతే

మాగిన క్షణం నుంచి ఫ్రిజ్ శత్రువు కాదు, స్నేహితుడు. మెడ లొంగిన బేరి, ఒత్తితే లొంగే అవకాడో, వాసన నిండిన మామిడి ఫ్రిజ్‌లో రెండు మూడు రోజులు అదే స్థితిలో ఆగుతాయి. అరటిపండు తోలు ఫ్రిజ్‌లో నల్లబడుతుంది, గుజ్జు బాగానే ఉంటుంది, చూసి పారేయకండి. తినడానికి అరగంట ముందు బయటికి తీస్తే వాసన తిరిగి వస్తుంది. చల్లటి పండులో తీపీ వాసనా రెండూ తక్కువగా తెలుస్తాయి.

అన్నీ ఒకే రోజు మాగిపోయి సతమతం కాకూడదంటే, కొనేటప్పుడే రెండు దోరవి, రెండు గట్టివి తీసుకోండి. దోరవి గట్టు మీద వదిలేయండి. గట్టివాటిలో ఒకటి సంచిలో, ఒకటి బయట. నాలుగు కాయలూ ఒకే రోజు మీద పడకుండా వేర్వేరు రోజులకు అందుతాయి.

చలి సరిపోని బేరి సంగతి వదిలేస్తే, పది రోజులైనా కదలని కాయ సాధారణంగా ఇక మాగదు. తోలు వడిలిందా, గుజ్జు రబ్బరులా ఉందా చూసుకోండి. రెండూ ఉంటే అది లేతకాయ. దానికింకా సంచి, ఇంకో వారం ఇవ్వకండి. గట్టి మామిడిని పచ్చడికి తురమండి, బొప్పాయిని కూరకు తరగండి, బేరినీ పీచ్‌నూ ముక్కలు కోసి కొద్దిగా పంచదార, నిమ్మరసం వేసి సన్నటి మంట మీద మెత్తబడేదాకా ఉడికించండి. అవకాడో మాత్రం వండినా బాగుండదు. దాన్ని వదిలేసి, తర్వాతిసారి కొనేటప్పుడు తొడిమ వైపు ముడతలున్నాయేమో చూసుకోండి.